ఆశా కార్యకర్త సంచిలో రెండు గోలీలు.. రెండింటి వెనుకా ఒక్కరే తెలుగోడు! యల్లాప్రగడ సుబ్బారావు జీవిత కథ

ఏటూరునాగారం: గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఊరిది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు జిల్లా. ఇక్కడి ఐటీడీఏ పరిధిలోని గూడేలకు వెళ్లే ఆశా కార్యకర్తల సంచిలో రకరకాల గోలీలు ఉంటాయి. గర్భిణులకు ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ గోలీ అందులో ఒకటి. ఇక ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ పంచే డీఈసీ గోలీ ఉంది. అంటే బోదకాలు రాకుండా మింగించే గోలీ అన్నమాట. ఒకటి రక్తహీనతకు, ఇంకోటి పురుగు జబ్బుకు. రెండింటికీ సంబంధమే లేదనిపిస్తుంది కదా? కానీ ఉంది. ఈ రెండూ ఒకే మనిషి నడిపించిన ల్యాబ్ నుంచి ప్రపంచానికి అందాయి. ఆయన మన తెలుగువాడే. పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఫోలిక్ యాసిడ్, ఫైలేరియా మందు, క్యాన్సర్ కీమోథెరపీలో తొలి మందుల్లో ఒకటి, మొదటి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్.. ఈ జాబితాలో ఒక్కటి కనిపెట్టినా పెద్ద శాస్త్రవేత్త అంటారు. అన్నీ ఒకే బృందం చేతుల మీదుగా వచ్చాయి. అయినా ఆయనకు నోబెల్ రాలేదు. బతికి ఉండగా సొంత ఊరికి తిరిగి రాలేదు. చనిపోయేనాటికి ఆయన పేరు తెలిసిన తెలుగువాళ్లు చాలా తక్కువ. ఇంతకీ ఎవరాయన? ఏం చేశారు?

భీమవరం నుంచి మద్రాసు దాకా

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. తండ్రి ఆరోగ్యం దెబ్బతిని ఉద్యోగం ముందే వదులుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది.

కుర్రాడికి చదువు మీద పెద్దగా మనసు ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడని, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలనుకున్నాడని చెబుతారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. వెంకమ్మ మాత్రం పట్టు వదల్లేదు. నగలు అమ్మి మరీ కొడుకు చదువు ఆగకుండా చూశారు. రాజమండ్రిలో చదివి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, చివరికి మద్రాసులోని హిందూ హైస్కూల్ నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చేశాక సన్యాసం తీసుకుందామని రామకృష్ణ మఠం వైపు అడుగులు వేశాడు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుని జనానికి సేవ చేయొచ్చన్న మాటతో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాడు.

1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి చదువు ఖర్చుల్లో అండగా నిలిచారు.

ఖద్దరు కోటు తెచ్చిన తంటా

అవి గాంధీజీ పిలుపుతో దేశమంతా ఊగిపోతున్న రోజులు. విదేశీ బట్ట వద్దనుకున్న సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కు కూడా ఖద్దరు దుస్తులే వేసుకెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితం ఏంటంటే.. పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ చేతికి రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం కూడా దక్కలేదు. దాంతో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పడానికి చేరారు.

ఈ మధ్యలోనే ఇంట్లో పెద్ద విషాదం జరిగింది. ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు చనిపోయారు. కారణం స్ప్రూ అనే జబ్బు. వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బులో పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు, నీరసం, రక్తహీనతతో మనిషి కరిగిపోతాడు. అప్పట్లో డాక్టర్ల దగ్గర దీనికి సరైన మందే లేదు. తర్వాత సుబ్బారావుకీ అదే జబ్బు చేసిందని, లక్ష్మీపతి వైద్యంతో బయటపడ్డారని చెబుతారు.

డాక్టర్ చదువు చదివిన మనిషి. కళ్ల ముందే అన్నదమ్ములు పోతుంటే చేసేదేం లేక నిలబడిపోయారు. ఆయన తర్వాతి జీవితం అంతా అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

అమెరికాలో నైట్ పోర్టర్

ఉష్ణమండల వ్యాధుల మీద చదవాలని హార్వర్డ్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. సీటు వచ్చింది కానీ డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం, మామగారు ఇచ్చిన డబ్బుతో ఓడ ఎక్కారు. మూడేళ్లలో తిరిగొస్తానని భార్యకు మాటిచ్చారు. 1923 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు.

ఇండియాలో డాక్టర్ అయిన మనిషి అక్కడ పొట్టకూటి కోసం పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేశారు. రోగుల బెడ్‌పాన్లు కడగడం కూడా ఆ పనిలో భాగమే. పగలు క్లాసులు, రాత్రి డ్యూటీ. ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

అక్కడి నుంచి వరసగా విజయాలే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రచురించారు. దాని పేరే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ ఈ పేరు చదువుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని తేల్చారు. 1929లో ఏటీపీని వేరు చేశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని గుర్తించారు. మనం చేయి కదిపినా, కన్ను ఆర్పినా ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీ నుంచే వస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్ దానికి రిజర్వ్ ట్యాంకు లాంటిది. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది.

అయినా హార్వర్డ్‌లో పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరు చేసిన కొన్ని పదార్థాల వివరాలను ఫిస్కే బయటకు రానివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని సహోద్యోగి జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. ఈ హిచింగ్స్ ఎవరో కాదు, 1988లో వైద్యంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు.

ఒక అమైనో ఆమ్లం.. ఒక విటమిన్

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు మారారు. అది మందుల కంపెనీ. 1942 నాటికి మొత్తం పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

ఆయన మనసులో ఉన్నది పాత లెక్కే. స్ప్రూ రోగుల రక్తం ఎందుకు పాడవుతుంది? లివర్ తింటే కొందరికి ఎందుకు నయమవుతుంది? లివర్‌లో ఉన్న ఆ పదార్థం ఏంటి?

ఈ లెక్కకు మొదటి ఆధారం దొరికింది మన దేశంలోనే. 1928 తర్వాత బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ పనిచేశారు. ఈస్ట్ నుంచి చేసే మార్మైట్ పెడితే వాళ్లు కోలుకుంటున్నారని గమనించారు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ పాలకూర లాంటి ఆకుల నుంచి ఒక పదార్థం తీసి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ అది చిటికెడు కూడా దొరకని స్థితి. దాని నిర్మాణం ఏంటో తెలియదు. తెలియకపోతే ఫ్యాక్టరీలో తయారు చేయలేరు.

లెడర్లీ బృందం ఆ ముడి విప్పింది. ఫోలిక్ యాసిడ్ మూడు ముక్కలు అతికించిన బొమ్మ లాంటిది. ఒక ముక్క టెరిడిన్. రెండోది పాబా అనే పదార్థం. మూడోది గ్లుటామిక్ ఆమ్లం. ఇది అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్లను కట్టే ఇటుకల్లో ఒకటి. నూడుల్స్ బండి మీద చల్లే టేస్టింగ్ సాల్ట్ ఉంది కదా, అది ఈ గ్లుటామిక్ ఆమ్లపు లవణమే.

ఇక్కడే ఒక తికమక వచ్చింది. లివర్ నుంచి తీసిన పదార్థం ఒకలా, సూక్ష్మజీవుల ద్వారా పులియబెట్టి తీసినది ఇంకోలా ప్రవర్తించాయి. తేడా ఎక్కడంటే గ్లుటామిక్ ఆమ్లం సంఖ్యలో. లివర్ రకంలో ఒక్కటే ఉంటే, పులియబెట్టిన రకంలో మూడు వరసగా తగిలించి ఉన్నాయి. ఈ లెక్క తేలాక 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లోనే తయారు చేసినట్టు బృందం ప్రకటించింది. ఆ వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టర్ స్ప్రూ, రక్తహీనత రోగులకు దాన్ని ఇచ్చి చూశారు. లేవలేని వాళ్లు లేచి తిరగడం మొదలుపెట్టారు.

ఏ జబ్బు తన ఇంట్లో ఇద్దరిని ఎనిమిది రోజుల్లో తీసుకెళ్లిందో, దానికి మందు పాతికేళ్ల తర్వాత ఆయన బృందం చేతికే వచ్చింది. కాకపోతే ఆయన వెతుకుతున్నదంతా అందులో లేదు. పెర్నీషియస్ ఎనీమియా అనే మరో రక్తహీనతకు అసలు మందు విటమిన్ బీ12 అని 1948లో వేరే బృందాలు తేల్చాయి.

ఇప్పుడు ఏజెన్సీ సంగతికి వద్దాం. గర్భిణుల ఐరన్ గోలీలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ ఎనీమియా బాధితులకు డాక్టర్లు రోజూ వేసుకోమని ఇచ్చేదీ ఫోలిక్ యాసిడే. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు తొందరగా పగిలిపోతుంటాయి. కొత్తవి తయారు కావాలంటే శరీరానికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ కావాలి.

సైనికుల కాళ్ల వాపు నుంచి హెట్రాజాన్ దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికుల్లో వేల మందికి ఫైలేరియా సోకింది. చేతులు, కాళ్లు, వృషణాలు వాచి వెనక్కి పంపాల్సి వచ్చింది. అప్పటిదాకా పేద దేశాల జబ్బుగా పక్కన పెట్టిన ఫైలేరియాకు మందు కావాలన్న తొందర మొదలైంది.

ఫైలేరియా అంటే మన దగ్గర బోదకాలు, ఏనుగు కాలు అని పిలిచేదే. దోమ కుట్టినప్పుడు దారం లాంటి పురుగు పిల్లలు చర్మం గుండా లోపలికి వెళ్తాయి. లింఫ్ నాళాల్లో చేరి పెద్దవై ఏళ్ల తరబడి బతుకుతాయి. నాళాలు దెబ్బతిని నీరు దిగక కాలు ఉబ్బుతుంది. చర్మం మందంగా, గరుకుగా మారి మడతలు పడుతుంది, పగులుతుంది. ఆ పగుళ్లలో క్రిములు చేరి మాటిమాటికీ జ్వరం, నొప్పి. దీన్ని మోసే క్యూలెక్స్ దోమ మురికి కాల్వల్లో, నిల్వ ఉన్న నీళ్లలో పెరుగుతుంది. పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి వేళ వచ్చి వేలి నుంచి రక్తం తీసుకుంటారు.

లెడర్లీలో ఫైలేరియా సోకిన కాటన్ ఎలుకలు, కుక్కల మీద వరసపెట్టి రసాయనాలు పరీక్షించారు. చివరికి పైపరజీన్ కుటుంబానికి చెందిన ఒక పదార్థం పనిచేసింది. పేరు డైఇథైల్ కార్బమజీన్, పొట్టిగా డీఈసీ. కంపెనీ పెట్టిన పేరు హెట్రాజాన్. 1947లో ఈ ఫలితాలు బయటకొచ్చాయి. ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూస్తే రక్తంలోని పురుగు పిల్లలు చాలా వేగంగా తగ్గిపోయాయి. అంతకుముందు వాడిన యాంటిమొనీ, ఆర్సెనిక్ మందులు విషంతో సమానం. ఇది నోటితో మింగే గోలీ.

ఒక్క విషయం. ఆఫ్రికాలో నదుల దగ్గర ఉండే ఓంకోసెర్కా అనే మరో పురుగు జబ్బు ఉన్నచోట డీఈసీ ఇవ్వరు. చర్మం, కళ్ల మీద తీవ్రమైన రియాక్షన్ వస్తుంది కాబట్టి. ఆ జబ్బు మన దేశంలో లేదు. అందుకే ఇక్కడ ఇంటింటికీ పంచడం కుదురుతోంది.

ఫోలిక్ యాసిడ్‌ను తిప్పికొట్టి..

విటమిన్ కనుక్కోవడంతో సుబ్బారావు ఆగలేదు. కణాలు పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. మరి దానిలాగే కనిపించే నకిలీని పంపితే? తాళంలో తప్పుడు చెవి ఇరుక్కున్నట్టు పని ఆగిపోతుంది. అలా తయారైనవే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్.

బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ మొదట ఫోలిక్ యాసిడ్ రకాలనే ల్యుకేమియా పిల్లలకు ఇచ్చారు. జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. దాంతో నకిలీల వైపు తిరిగి అమైనోప్టెరిన్ వాడారు. 1948 జూన్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. బ్లడ్ క్యాన్సర్ అంటే చావే అనుకునే కాలంలో ఇది మామూలు వార్త కాదు. మెథోట్రెక్సేట్‌ను ఇవాళ క్యాన్సర్‌తో పాటు కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడా వాడుతున్నారు.

ఈ ఆలోచన మలేరియాకు కూడా పనికొచ్చింది. మలేరియా పరాన్నజీవి పాబా, గ్లుటామిక్ ఆమ్లం లాంటి ముక్కలు అతికించి ఫోలేట్‌ను సొంతంగా తయారు చేసుకోగలదు. మనిషి చేసుకోలేడు, ఆకుకూరల నుంచి, పప్పుల నుంచి తెచ్చుకుంటాడు. ఆ తేడా మీదే దెబ్బ కొట్టే మందు సల్ఫాడాక్సిన్. తర్వాతి మెట్టు మీద కొట్టేది పైరిమెథమిన్, దీన్ని తెచ్చింది సుబ్బారావు పాత సహోద్యోగి హిచింగ్స్ బృందం. మన దగ్గర ఫాల్సిపారం మలేరియాకు ఆర్టిసునేట్‌తో కలిపి ఇచ్చే మందులు ఈ రెండే. వానాకాలం మలేరియా భయంతో గడిపే ఏజెన్సీ జనానికి ఈ మందుల సంగతి తెలిసిందే.

ఇవి చాలవన్నట్టు అదే ల్యాబ్‌లో ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. మొదటి టెట్రాసైక్లిన్ అదే. దాని వారసుడైన డాక్సీసైక్లిన్ ఫైలేరియా పురుగు లోపల బతికే బ్యాక్టీరియాను చంపి పురుగునే బలహీనం చేస్తుందని తర్వాత తేలింది.

శేషగిరి ఎదురుచూపు

మూడేళ్లలో వస్తానన్న మనిషి పాతికేళ్లయినా రాలేదు. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు. తండ్రి చూడకుండానే పసితనంలోనే పోయాడు. శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఉత్తరాలు నడిచాయి, భార్యాభర్తలు మాత్రం మళ్లీ కలుసుకోలేదు.

దీన్ని గొప్పతనం అని పొగడాల్సిన పనిలేదు. ఒక మనిషి పనిలో పడి తిరిగి రాకపోతే ఇంకో మనిషి జీవితం అలాగే ఆగిపోయింది. ఆ మందుల లెక్కలో శేషగిరి వాటా కూడా ఉంది. ఆ మాట కథ చెప్పేటప్పుడు వదిలేయకూడదు.

1946లో అమెరికా చట్టం మారి భారతీయులకు పౌరసత్వం తీసుకునే వీలొచ్చింది. సుబ్బారావు తీసుకోలేదు. 1948 ఆగస్టు 8న నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53 ఏళ్లు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

పేటెంట్ల మీద పేరు కోసం, పత్రికల్లో ఫొటో కోసం ఆయన వెంటపడలేదు. కలిసి పనిచేసినవాళ్లనే ముందుకు తోసేవారు. పేరు పెద్దగా వినిపించకపోవడానికి అదీ ఒక కారణం. 1953లో ఒక ఫంగస్‌కు ఆయన గుర్తుగా సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

గోలీ మింగుతున్నామా.. డబ్బాలో దాస్తున్నామా?

ఇప్పుడు అసలు విషయం. మన దేశంలో డీఈసీ సామూహిక పంపిణీ 2004 నుంచి పెద్ద ఎత్తున నడుస్తోంది. ఆల్బెండజోల్ కలిపి ఇస్తారు, కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా జోడించారు. 2027 నాటికి ఫైలేరియాను నిర్మూలించాలన్నది కేంద్రం లక్ష్యం. తెలంగాణలో 2018 నుంచి బోదకాలు బాధితులకు ఆసరా పింఛన్ ఇస్తున్నారు.

కానీ చాలా ఇళ్లలో జరిగేది వేరు. గోలీ తీసుకుంటారు, తర్వాత వేసుకుంటామంటారు, డబ్బాలో పెట్టేస్తారు. నాకు జబ్బు లేదు కదా, ఎందుకు మింగాలి అనే ప్రశ్న కూడా ఉంది. నిజానికి పురుగు లోపల ఉన్నా ఏళ్లపాటు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కాలు వాచిపోయాక ఈ గోలీ ఆ వాపును తగ్గించలేదు. ముందే మింగితేనే లాభం.

గుర్తుంచుకోవాల్సినవి ఇవీ:

- డీఈసీ 100 మిల్లీగ్రాముల గోలీలు 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు 1, 6 నుంచి 14 ఏళ్ల వారికి 2, 15 ఏళ్లు దాటిన వారికి 3 ఇస్తారు.
- రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు.
- పరగడుపున వేసుకోవద్దు. ఏదైనా తిన్నాకే సిబ్బంది ముందే మింగాలి.
- కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి, వికారం రావొచ్చు. లోపలి పురుగులు చస్తున్నప్పుడు ఇలా అవుతుంది. ఎక్కువైతే పీహెచ్‌సీకి వెళ్లాలి.
- ఇప్పటికే బోదకాలు ఉన్నవారు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. పగుళ్లను అశ్రద్ధ చేయొద్దు.
- ఇంటి చుట్టూ మురుగు నిలవకుండా చూసుకోవాలి.

రాత్రిళ్లు బెడ్‌పాన్లు కడిగి, పగలు చదువుకున్న ఒక తెలుగు డాక్టర్ నడిపించిన ల్యాబ్ నుంచి వచ్చిన గోలీ ఇది. ఈసారి ఆశా కార్యకర్త గడప దగ్గరకొచ్చి చేతిలో పెడితే, డబ్బాలో దాచకుండా అక్కడే ఇంత తిని, నీళ్లు తాగి మింగేయండి.